చెల్లికి చెప్పండి

ఈ ఉదయం ఇడ్లీపిండి రుబ్బుతుంటే ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది. "శుక్రవారం వస్తున్నాను పిన్నీ. చెల్లికి చెప్పండి." అంతే. పంపినామెకి ముప్పై అయిదేళ్లుంటాయి. చెల్లి అన్నది మా మనవరాలిని, దానికి మొన్ననే అయిదు నిండాయి. ఇద్దరికీ రక్తసంబంధం ఏమీ లేదు. ఒకరి భాష ఇంకొకరికి రాదు. ఒకరు పుట్టిన చోట చెట్టన్నదే మొలవదు, రెండోది పుట్టిన సింగపూర్‌లో చెట్టు కొట్టాలంటే పర్మిషన్ కావాలి. అయినా ఆ మెసేజ్‌లో తప్పేమీ లేదు, వాళ్లు అక్కాచెల్లెళ్లే. అదెలాగో చెప్పాలంటే ఏడెనిమిదేళ్లు వెనక్కి వెళ్లి, ఈ సింగపూర్‌లోనే పుంగ్గోల్ అనే పేటలో మా ఫ్లాట్ వెనక గది తలుపు తియ్యాలి.

ఆ గది మా అమ్మాయిది. పెళ్లయి హౌగాంగ్‌లో కాపురం పెట్టింది. బస్సెక్కితే ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల దూరానికి నేను అప్పగింతల్లో ఏడ్చిన ఏడుపు చూసి మా వియ్యపురాలు కంగారుపడి, "అదేంటి వదినగారూ, మీ కిటికీలోంచి చూస్తే మా బ్లాకు కనబడుతుందేమో కూడా" అంది. కనబడదు, చూశాను. ఖాళీ అయిన గదిని మా ఆయన ఆక్రమించేశారు. ముప్పై ఏళ్లు షిప్‌యార్డులో పనిచేసి రిటైరైన మనిషి, ఇంట్లో ఓడ కట్టే జాగా లేదు గనక స్టూళ్లూ షెల్ఫులూ మొదలుపెట్టారు. ఆ సుత్తి దెబ్బలు భరించలేక గది అద్దెకిద్దామన్నాను. తెలుగమ్మాయి అయితే బాగుంటుంది, మన పోపు వాసనకి మొహం చిట్లించదు అని నా ఆశ. ఈలోగా వన్-నార్త్‌లో మా అమ్మాయి పనిచేసే ల్యాబ్‌లో కొత్తగా చేరిన ఎవరో కెనడా పిల్ల గది వెతుక్కుంటోందని, నన్ను అడక్కుండానే అది మాట ఇచ్చేసింది.

కెనడా అనగానే నేను పొడుగ్గా, పసుపు జుట్టుతో ఎవరో వస్తారనుకుని, దుప్పటి కాళ్ల దగ్గర చాలుతుందో లేదో అని కొలిచి మరీ పెట్టాను. తలుపు తీస్తే నా భుజం దాకా వచ్చే పిల్ల. నల్లటి జుట్టు, గుండ్రటి మొహం, నవ్వితే మూసుకుపోయే కళ్లు. మా ఆయన మణిపూర్ అమ్మాయి అనుకున్నారు. లిఫ్టులో చైనీస్ అంకుల్ మాండరిన్‌లో పలకరించాడట, కింద మలయ్ ఆంటీ మలయ్‌లో. "ఇక్కడ నన్ను అందరూ తమ మనిషే అనుకుంటున్నారు. కెనడాలోనే, పెద్ద ఊళ్లలో దిగితే, ఎక్కడి నుంచి వచ్చావని అడుగుతారు" అంది సూట్‌కేసు లోపలికి లాగుతూ. ఆ పిల్ల మాటలన్నీ ఇంగ్లీషే, నా చెవికి ఎక్కినట్టు తెలుగులో రాస్తున్నాను. ఇన్యూట్ మనిషినని చెప్పింది. మంచుగడ్డలతో ఇల్లు కట్టుకునేవాళ్లు, పిల్లల పుస్తకంలో బొమ్మ చూశానన్నాను. ఇప్పుడు మామూలు ఇళ్లే, ఫ్రిజ్ కూడా ఉంది అంది. "ఫ్రిజ్ ఎందుకమ్మా? వస్తువు బయట పెడితే చాలదా?" అన్నారు మా ఆయన. "కుక్కలు తింటాయి అంకుల్" అంది. ఆ జవాబుతో మా ఆయన తన సుత్తీ మేకులూ సర్దుకుని గది ఖాళీ చేసేశారు.

మొదటి వారమే ఒక పేచీ వచ్చింది. నన్ను ఏమని పిలవాలి అని అడిగింది. ఆంటీ అను, ఈ దేశంలో నేను అందరికీ ఆంటీనే అన్నాను. "టాక్సీ నడిపే ఆవిడా ఆంటీయే, కాఫీ పోసే ఆవిడా ఆంటీయే. మీరు నాకు ఏమవుతారు?" అని వంటింటి గుమ్మంలో నిలబడింది. వాళ్ల పెద్దవాళ్ల దగ్గర మనుషుల్ని పేరు పెట్టి పిలవడం మోటుతనమట. ఎవరికి ఎవరు ఏమవుతారో దాన్నిబట్టే పిలుచుకోవాలట. మా ఊరి మాట ఈ పిల్ల నోట్లోకి ఎలా వచ్చింది! ఇన్నేళ్ల కాపురంలో నేను మా ఆయన పేరు పైకి పలికింది ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర ఒక్కసారే, అదీ ఆఫీసరు రెండుసార్లు గద్దించాక. బాగా ఆలోచించి 'పిన్ని' ఖాయం చేశాను. అత్త అనిపించుకుందామంటే చూపించడానికి కొడుకు లేడు. తను ఆ మాటని నోట్లో నాలుగుసార్లు తిప్పుకుంది, అయిదోసారికి మా చెల్లెలి కూతురు పిలిచినట్టే పిలిచింది.

పాపం ఎండకి అల్లాడిపోయేది. ఏసీ పదహారులో పెట్టుకుని, పరుపు వదిలేసి నేల మీద పడుకునేది. ఆ గది తలుపు తీసినప్పుడల్లా హాల్లోకి ఒక చల్లటి తెర జారి, నేను కూరలు తరుగుతున్న చోట కాళ్లని తాకి పోయేది. సాయంత్రాలు వాటర్‌వే కాలువ పక్కన నాతో నడిచేది. నీళ్ల మీద వెలుతురు బంగారం రంగుకి తిరిగి, కాసేపు అలాగే ఆగిపోయినట్టుండే వేళ అది. "ఇక్కడ కాలం నడుస్తోందని మీకెలా తెలుస్తుంది పిన్నీ?" అని అడిగింది ఒకరోజు. వాళ్ల ఊళ్లో శీతాకాలం మూడు నెలలు సూర్యుడు రాడట. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం కొండ అంచున గోరంత కనబడతాడట. ఊరంతా బయటికొచ్చి నిలబడి చూస్తారట. ఇక్కడ ఏడింటికి తెల్లారుతుంది, ఏడింటికి చీకటి పడుతుంది, మధ్యలో ఒక వాన. మా అమ్మాయి ఎప్పుడు పుట్టింది, ఎప్పుడు నా కంటే పొడుగైంది అంటే ఏ చలికాలమో ఏ మామిడికాయల రోజులో అని నేను చెప్పలేను. క్యాలెండర్ ఉందిగా అన్నాను. నిజంగానే మా వంటింట్లో తిథులూ వర్జ్యాలూ అన్నీ ఉన్న తెలుగు క్యాలెండర్ ఒకటి ఎప్పుడూ వేలాడుతుంది. దాన్ని చూడందే నేను ఏ మంచి పనికీ గుమ్మం దాటేదాన్ని కాదు.

ఒక ఆదివారం మార్కెట్ నుంచి పెద్ద చేప తెచ్చుకుంది. వంటింటి నేల మీద అట్టపెట్టె విప్పి పరిచి, కాళ్లు చాపుకుని కూర్చుని, సంచిలోంచి అర్ధచంద్రంలా వంపు తిరిగిన కత్తి తీసింది. నా కత్తిపీట గుర్తొచ్చింది. "అమ్మా, please lah, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?" అని మా అమ్మాయి ఈ ఊరి ఇంగ్లీషులో గోల పెడితే దాన్ని తలుపు వెనక దాచి పదేళ్లయింది. ఆవేళ బయటికి తీసి, తుడిచి, ఎదురుగా పీట వాల్చుకుని కూర్చున్నాను. తను గడ్డకట్టిన పచ్చి చేపని పల్చగా చెక్కి నోట్లో వేసుకుంటోంది, నేను ముక్కలు కోసి పులుసు పెట్టాను. నా పులుసు తిని తనకి కళ్లమ్మట నీళ్లు, తన ముక్క తిని నాకు పళ్లు జిల్లు. మా ఆయన రెండూ తిని రెండూ బాగున్నాయన్నారు. ఆ కత్తి వాళ్ల ముత్తాత చేశాడట. పోలీసు పోస్టు వాళ్లు పారేసిన రంపం ముక్కతో కత్తి, వాళ్ల సామాన్లొచ్చిన చెక్కపెట్టెతో పిడి. చెత్తకుప్పలో దొరికిందా అన్నాను ఆశ్చర్యపోతూ. "మా వాళ్ల మొదటి ఇల్లే చెత్తకుప్పలో దొరికింది పిన్నీ" అంది. ఆ రోజు అంతకంటే చెప్పలేదు.

మాకు ఉదయం ఏడైతే వాళ్ల ఊళ్లో ముందురోజు సాయంత్రం. ఆ వేళకి వంటింటి కిటికీ దగ్గర నిలబడి అమ్మమ్మతో మాట్లాడేది. భాష తెలియకపోయినా తీరు తెలుస్తుంది కదా. అటు పక్క ముసలి గొంతు గారాలు పోతూ, సణుగుతూ ఉండేది. ఇటు పక్క మా పిల్ల పెద్దరికంగా సముదాయిస్తూ ఉండేది. అమ్మమ్మతో ఎవరైనా అలా మాట్లాడతారా అని ఉండబట్టలేక అడిగాను. "ఆవిడ నాకు చెల్లెలు" అంది కాఫీ కలుపుకుంటూ. వాళ్లలో ఒక మనిషి పోతే ఆ పేరు కొత్తగా పుట్టిన బిడ్డకి ఇస్తారట. పేరుతోపాటు ఆ మనిషి వరసలన్నీ ఆ బిడ్డకి వచ్చేస్తాయట. ఈ పిల్లకి వాళ్ల అమ్మమ్మ అక్కగారి పేరు పెట్టారు. కాబట్టి డెబ్బై దాటిన ఆ ముసలావిడ ఈ పిల్లని అక్కా అంటుంది. చిన్నప్పుడు ఈ పిల్ల వేలు చూపించి, "చెల్లీ, ముక్కు తుడుచుకో" అంటే అమ్మమ్మ నిజంగానే తుడుచుకునేదట.

ఇందులో నాకు వింతేముంది? మా అమ్మాయికి పెట్టింది మా అత్తగారి పేరు. ఆ పేరు నేను ఏ రోజూ నోటితో అనలేదు, ఇక్కడ రాయను కూడా. చిన్నప్పటి నుంచీ దాన్ని అమ్మడూ అనే పిలిచాను. అల్లరి చేసినప్పుడు దాని వీపు మీద ఒక్కటి వేస్తే మా ఆయన పేపరు చాటునుంచి, "మా అమ్మనే కొడుతున్నావా?" అనేవారు. చెయ్యి దానంతటదే ఆగిపోయేది. అది చెబితే ఆ పిల్ల కాఫీ ఒలికేదాకా నవ్వి, "అయితే మీకు ఇదంతా విడమరిచి చెప్పక్కర్లేదు" అంది. అప్పుడు చెప్పింది అసలు సంగతి.

డెబ్బై ఏళ్ల కిందటి మాట. వాళ్లది అప్పట్లో ఇంకా దక్షిణాన, సముద్రం ఒడ్డున పల్లె. ప్రభుత్వం మనుషులు వచ్చి, ఉత్తరాన వేట పుష్కలంగా ఉంది, మీ మంచికే చెబుతున్నాం, అక్కడికి వెళ్లండి, నచ్చకపోతే రెండేళ్లలో మేమే తిరిగి తీసుకొచ్చేస్తాం అన్నారు. యూనిఫాం వేసుకున్నవాళ్లు చెబితే కాదనడం ఎలాగో వాళ్లకి తెలియదు. అప్పటికే పేర్లు పలకలేక, మెడలో వేసుకోమని ఒక్కొక్కరికీ నంబరు బిళ్లలు ఇచ్చి ఉన్నారు. అమ్మమ్మకి అప్పుడు ఎనిమిదేళ్లు. అక్కకి పదిహేను. నడవలేని ముసలామె ఒకరు ఇంట్లో ఉండడంతో, రెండేళ్లే కదా అని ఆవిణ్ని చూసుకోవడానికి అక్కని పల్లెలోనే ఉంచారు. ఓడ ఎక్కే ముందు ఒడ్డున కూర్చోబెట్టి చెల్లెలి తల దువ్వుతూ, "రెండేళ్లే కదే, నిద్రపోయి లేచేసరికి అయిపోతాయి" అందట అక్క.

రోజుల తరబడి ఓడ. దిగేసరికి ఇల్లు లేదు, చెట్టు లేదు, పొయ్యిలోకి పుల్ల లేదు. కలిసి బయల్దేరిన కుటుంబాల్ని తలో చోట అని ఓడ మీదే విడగొట్టారు. చలి ముంచుకొచ్చినా మొదటి శీతాకాలం గుడారాల్లోనే గడిపారు. నవంబరులో సూర్యుడు పోయాడు. ఎనిమిదేళ్ల పిల్ల, ఇంక సూర్యుడు రాడు కాబోలు, అతన్ని కూడా పల్లెలోనే వదిలేసి వచ్చాం కాబోలు అనుకుందట. వేటకి ఎక్కడికి వెళ్లాలో, ఏ మంచు మీద కాలు వెయ్యాలో తెలియని చోట తండ్రి చీకట్లో కుక్కల్ని తోలుకుని వెళ్లేవాడు, ఉత్త చేతులతో తిరిగొచ్చేవాడు. తల్లి తన వాటా పిల్లల ముందుకి జరిపేది. పిల్లలు పోలీసు పోస్టు చెత్తకుప్పలో వెతికేవాళ్లు, తినడానికి ఏమన్నా దొరుకుతుందేమో అని. అక్కడే చెక్కపెట్టెల బద్దలు ఏరి మూడో ఏట ఒక గది కట్టుకున్నారు. రెండేళ్లు నిండిన రోజున తండ్రి వెళ్లి, మమ్మల్ని తీసుకెళ్లండి అని అడిగాడు. ఇప్పుడు ఓడ లేదన్నారు. ప్రతి ఏడూ అడిగాడు. ఒక వేసవిలో వచ్చిన ఓడలో ఉత్తరం వచ్చింది, అక్క ఊపిరితిత్తుల జబ్బుతో పోయిందని. ఎప్పుడో ముందటేడే పోయింది. చాలా ఏళ్ల తర్వాత ప్రభుత్వం తప్పయిందని క్షమాపణ చెప్పింది, కొందరు వెనక్కి వెళ్లారు కూడా. అమ్మమ్మ వెళ్లలేదు. అక్క లేని ఊరికి ఎందుకు అందట. చాలా కాలం తర్వాత మనవరాలు పుడితే ఆ పేరు పెట్టుకుని, పురిటి గదిలో చంటిదాని మొహంలో మొహం పెట్టి, "ఇంత ఆలస్యమా అక్కా?" అందట.

ఇది వింటూ నేను కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. అలాగే తినేశాం.

ల్యాబ్‌లో పని రెండేళ్లకి ఒప్పుకుని వచ్చింది ఆ పిల్ల. కొవ్వు మీద పరిశోధనట. నా గారెలు తిన్నప్పుడల్లా, ఇది కూడా పరిశోధనే అనేది. వచ్చేటప్పుడు అమ్మమ్మకి రెండేళ్లని చెప్పి వచ్చింది, చెప్పాక నాలిక కరుచుకుందట. రెండో ఏడు వచ్చేసరికి ఆవిడకి మతిమరుపు ముదిరింది. ఫోన్ చేస్తే రోజూ అదే ప్రశ్న. "అక్కా, రెండేళ్లు అయ్యాయా?" ఇంకా అయిదు నెలలు, ఇంకా మూడు నెలలు అని ఈ పిల్ల లెక్క చెప్పేది. అక్కడ చలిగా లేదా అని అడిగేదట ఆవిడ. దుప్పటి లేకుండా పడుకుంటామంటే నమ్మకుండా నవ్వేదట. పిన్ని అని ఒకావిడ ఉంది, వేడివేడిగా ఏదో పెడుతుంది, తింటే చెవుల్లోంచి పొగలొస్తాయి అని చెబితే మళ్లీ మళ్లీ చెప్పించుకునేదట. ల్యాబ్ వాళ్లు ఇంకో రెండేళ్లు ఉండమని అడిగారు. మా అమ్మాయి కూడా ఉండమని బతిమాలింది, అప్పటికి అది నిండు గర్భిణి. తను ఒప్పుకోలేదు. "ఒకసారి తప్పిన మాట మళ్లీ తప్పను పిన్నీ. ఈసారి అక్క వచ్చి తీరాలి" అంది.

ప్రయాణానికి ఇంకో నెల ఉందనగా ఒక బుధవారం వాళ్లమ్మ ఫోన్ చేసింది. అమ్మమ్మ అన్నం మానేసింది, అక్క కోసం కలవరిస్తోంది, వెంటనే రమ్మని. దొరికిన మొదటి టికెట్ శుక్రవారం మధ్యాహ్నానికి. గురువారం సాయంత్రం పెట్టె సర్దడంలో సాయం చేస్తూ మామూలుగా క్యాలెండర్ వైపు చూశాను. శుక్రవారం ఆడపిల్లని ఇంట్లోంచి పంపిస్తారా ఎక్కడైనా? ఆ పిల్ల అద్దెకొచ్చిన మనిషని అప్పటికి నేను ఎప్పుడో మరిచిపోయాను. "ఆదివారం వెళ్లమ్మా. రెండు రోజుల్లో ఏమైపోతుంది? నీ మంచికే చెబుతున్నాను" అన్నాను. మా ఆయన హాల్లోంచి, "ఎందుకే నువ్వు మధ్యలో? వెళ్లనీ, అవతల పెద్దావిడ ప్రాణం మీదుంది" అన్నారు. నేను వినలేదు. ప్రాణం మీదుంది కాబట్టే మంచి రోజు చూసి వెళ్లాలన్నాను. ఆ పిల్ల నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. పెద్దవాళ్లకి ఎదురు చెప్పడం తనకి చేతకాదు. అందులోనూ నేను పిన్నిని. లాప్‌టాప్ తెరిచి టికెట్ ఆదివారానికి మార్చింది. ఆదివారం పొద్దున్న పెరుగన్నం తినిపించి, ఎదురు వచ్చి, ఎంతో సంబరంగా సాగనంపాను.

కెనడాలో దిగాక రెండు విమానాలు మారాలి. వాళ్ల ఊరికి వెళ్లే ఆఖరి చిన్న విమానం వారానికి రెండుసార్లే. శుక్రవారం బయల్దేరి ఉంటే అందాల్సిన విమానం వెళ్లింది. ఆదివారం బయల్దేరితే అందాల్సింది మంచు తుఫానుకి ఆగిపోయింది. మూడు రోజులు ఆ పిల్ల ఏదో ఊరి విమానాశ్రయంలో కుర్చీలో కూర్చుంది. అమ్మమ్మ మంగళవారం పోయింది.

ఆ సంగతి చెబుతూ ఆ పిల్ల పెట్టిన మెసేజ్ నాకు బుధవారం పొద్దున్న మార్కెట్‌కి వెళ్తుంటే ఎల్ఆర్‌టీ రైల్లో వచ్చింది. మా పుంగ్గోల్ ఎల్ఆర్‌టీ గుండ్రంగా తిరుగుతుంది, ఎక్కిన చోటికే తెచ్చి దింపుతుంది. నేను దిగలేదు. బ్లాకులు, వాటర్‌వే, వంతెన, మళ్లీ బ్లాకులు. మూడు చుట్లు తిరిగాను. కిటికీ అద్దం మీద సన్నటి వాన పడుతోంది, ఎక్కేవాళ్లు ఎక్కుతున్నారు, దిగేవాళ్లు దిగుతున్నారు. నా చెవిలో నా మాటే మోగుతోంది. నీ మంచికే చెబుతున్నాను. డెబ్బై ఏళ్ల కిందట ఆ యూనిఫాం వాళ్లు కూడా అదే మాట అన్నారు. ఏ మాటతో ఆ ఎనిమిదేళ్ల పిల్లని అక్క దగ్గర్నుంచి విడదీశారో, అదే మాటతో నేను అక్కని ఆపేశాను. ఇంటికొచ్చి క్యాలెండర్ తీసి గోడవైపు తిప్పి తగిలించాను. మా ఆయన చూశారు. ఏమన్నా అనుంటే బాగుండేది.

ఆ తర్వాత మూడు వారాల పైన ఆ పిల్ల దగ్గర్నుంచి మాట లేదు. ఫోన్ చెయ్యడానికి నాకు మొహం చెల్లలేదు. ఈలోగా మా అమ్మాయి ప్రసవించింది, ఆడపిల్ల. ఎత్తుకుంటే సంతోషమే, కాని ఆ సంతోషం కింద ఏదో చల్లగా కాళ్లకి తగులుతూనే ఉండేది, ఆ గది తలుపు తీసినట్టు. ఇరవై ఒకటో రోజున హౌగాంగ్‌లో బారసాల. పళ్లెంలో బియ్యం పోసి పేరు రాయడానికి మా అల్లుడు ఉంగరం పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు మా ఆయన తన ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టారు. నాకు చెప్పకుండా ఆయన రోజూ ఆ పిల్లకి మెసేజ్‌లు పెడుతూనే ఉన్నారట. తెరమీద ఆ గుండ్రటి మొహం, చిక్కిపోయి ఉంది. వెనక కిటికీ అంతా తెలుపు.

"నా వల్లే నీకు..." అన్నాను.

"కోపం వచ్చింది పిన్నీ. అందుకే మాట్లాడలేదు. ఇప్పుడూ కొంచెం ఉంది" అంది దాచకుండా. "మమ్మల్ని తీసుకెళ్లినవాళ్లకి మా పేర్లు కూడా తెలియవు. మీరు ఇంటి పిల్లననుకుని ఆపారు. రెండూ ఒకటి కాదని నాకు తెలుసు. తెలియడానికి మూడు వారాలు పట్టింది" అంది. తర్వాత సిగ్గుపడుతూ ఒక సంగతి చెప్పింది. పోయే రోజు పొద్దున్న అమ్మమ్మకి తెలివి బాగా వచ్చిందట. అక్క బయల్దేరిందని చెప్పినా వినిపించుకోలేదట. ఆవిడ లెక్కలో అక్క ఇంకా వేడి ఊళ్లో పిన్ని ఇంట్లోనే ఉంది. కూతురి చెయ్యి పట్టుకుని, "చలి చాలు. ఈసారి అక్క ఉండే ఊళ్లో పుడతాను, దుప్పటి అక్కర్లేదట అక్కడ" అందట. వాళ్లలో పోయేవాళ్లు అలా చెబితే, ఆ మాట ప్రకారం పేరు ఇవ్వాలి. "ఆ ఊళ్లో నాకు తెలిసిన బిడ్డ ఒక్కతే ఉంది" అంది.

అందరం మా అమ్మాయి వైపు చూశాం. ఒడిలో బిడ్డని పెట్టుకుని అది తల్లిలా కాకుండా చిన్నపిల్లలా ఏడుస్తోంది. "దీనికి already మూడు పేర్లు, అమ్మా. నక్షత్రం పేరు, దీని నాయనమ్మ పేరు, పిలిచే పేరు. ఇంకొకటి ఉంటే ఏమైంది lah" అంది ముక్కు ఎగబీలుస్తూ. మా వియ్యపురాలు బియ్యం ఇంకో గుప్పెడు పోసింది. పలకడం రాక మా అల్లుడు రెండుసార్లు చెరిపి, మూడోసారికి తెలుగు అక్షరాల్లో ఆ పేరు రాశాడు. అదీ ఇక్కడ రాయను, మా అత్తగారి పేరు రాయనట్టే. చెవిలో పేరు చెప్పేటప్పుడు నేనే ఫోన్ తీసుకెళ్లి బిడ్డ చెవి దగ్గర పెట్టాను. అటునుంచి తన భాషలో చాలాసేపు ఏదో చెప్పింది. నాకు తెలిసింది ఆ పేరు ఒక్కటే. ఏం చెప్పావని తర్వాత అడిగితే, "ఆలస్యమైంది చెల్లీ, అన్నాను" అంది. బిడ్డ ఆవులించి నిద్రపోయింది.

ఇప్పుడు ఆ బిడ్డ మా ఇంట్లో నేల మీద పడుకుని రంగులు వేస్తోంది. ఏసీ అంటే పడదు, చల్లటి నేల అంటే ఇష్టం, ఈ రెండూ ఎలా కుదిరాయో తెలియదు. నా పులుసు లొట్టలేసుకుని తింటుంది. చెప్పినమాట వినదు, తిడదామంటే నాకు నోరు రాదు. ఒక పేరుతో వియ్యపురాలు, ఇంకో పేరుతో నా మాట వల్ల అక్కని చూడకుండానే సముద్రాలవతల కన్నుమూసిన పెద్దావిడ. అక్క శుక్రవారం వస్తోందే అని చెప్పాను. ఉద్యోగం మళ్లీ ఇక్కడేనట, ఈసారి ఎన్నేళ్లో చెప్పలేదు, నేనూ అడగలేదు. "How many sleeps, అమ్మమ్మా?" అంది రంగు పెన్సిల్ ఆపకుండా. లేచి వెళ్లి, అయిదేళ్లుగా గోడవైపు తిరిగి ఉన్న క్యాలెండర్‌ని ఇటు తిప్పాను. ప్రతి ఏడూ కొత్తది వచ్చినా అలాగే తిప్పి తగిలిస్తూ వచ్చాను. శుక్రవారం ఆడపిల్ల ఇంట్లోంచి వెళ్లకూడదు గాని, ఇంటికి రావడానికి అంతకంటే మంచి రోజు లేదు. నాలుగు అన్నాను. "Only four!" అని వేళ్లు మడిచి చూపించింది. వెనక గదిలో ఏసీ పదహారులో పెట్టి వచ్చాను, గది ఇప్పటి నుంచీ చల్లబడాలని. రెండేళ్లు నిద్రపోయి లేచేసరికి అయిపోతాయని ఒక అక్క అంది. డెబ్బై ఏళ్లు పట్టింది, ఇంకా నాలుగు నిద్రలు మిగిలాయి.